వామిలోని పిల్లి ఏ షెడ్యూల్‌ది?

అనంతపురం వైపు వేరుశనగ కట్టె వామి కదిపేటప్పుడు అడుగున పిల్లి కూనలు బయటపడటం కొత్తేమీ కాదు. కళ్లు తెరిచీ తెరవని రెండో మూడో కూనలు, ఒంటి మీద లేత చారలు, అక్కడక్కడా చుక్కలు. ఆ చుక్కలు చూడగానే ఎవరో ఒకరు ‘చిరుత పిల్లలు’ అనేస్తారు. ఫోటో ఊరి వాట్సాప్ గ్రూపులోకి ఎక్కుతుంది, సాయంత్రానికి మండలమంతా తిరుగుతుంది. తీరా ఫారెస్టు వాళ్లొచ్చి చూస్తే అవి అడవిపిల్లి కూనలు. పెరిగేకొద్దీ ఆ చారలు మాసిపోయి ఒళ్లంతా ఇసుక రంగుకు తిరుగుతుంది. కాళ్ల మీద మసక గీతలు, తోక చివర నల్లటి కట్లు, చెవి కొనన చిన్న కుచ్చు మాత్రం మిగులుతాయి.

చిరుత కాదని తేలగానే ఊరికి ఆసక్తి పోతుంది. చట్టానికైతే పని అక్కడే మొదలవుతుంది. ఒక జంతువుకి రక్షణ కావాలా, కావాలంటే ఏ మేరకు, అంటే వన్యప్రాణి చట్టంలోని ఏ జాబితాలో (షెడ్యూల్‌లో) ఉండాలన్నది తేల్చాలంటే ముందు అదేమిటో తెలియాలి. ఇది చెప్పినంత తేలిక కాదు.

రాయలసీమలో పిల్లి జాతికి పేర్లు తక్కువ. పెద్దపులి, చిరుతపులి దాటాక మిగిలినవన్నీ అడవిపిల్లి, లేదంటే బావురుపిల్లి. కోళ్లగూట్లో పడ్డదీ, హైవే మీద చచ్చిపడి ఉన్నదీ, బావిలోంచి తీసిందీ ఫిర్యాదులో ఒకటే పేరుతో నమోదవుతాయి. నిజానికి ఆ పేరు కింద కనీసం రెండు వేర్వేరు జంతువులున్నాయి. ఒకటి వామిలో దొరికిన ఈ అడవిపిల్లి. ఈజిప్టు నుంచి ఆగ్నేయాసియా దాకా ఉండే జాతి ఇది. రెండోది తుప్పు మచ్చల పిల్లి. ఆసియాలోని అడవి పిల్లులన్నిటిలోకీ చిన్నది. బరువు కిలో అటూ ఇటూ, మహా అయితే కిలోన్నర. ఇంటి పిల్లి పక్కన నిలబెడితే కూనలా కనిపిస్తుంది. బూడిద రంగు ఒంటి మీద తుప్పుపట్టిన రేకు రంగు మచ్చలు, నుదుటి మీద తెల్ల గీతలు. భారత్, శ్రీలంక, నేపాల్ దాటి మరెక్కడా లేదు.

దీనికి శాస్త్రీయ నామం పడింది 1831లో, పుదుచ్చేరి నుంచి వెళ్లిన నమూనాను చూసి. పెట్టినవాడు ఫ్రెంచి శాస్త్రవేత్త ఇసిడోర్ జెఫ్రాయ్ సెయింట్-హిలేర్. మన నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో ఇది ఉందని శాస్త్ర పత్రికలో తొలిసారి అచ్చయింది మాత్రం 1999లో. పేరు పడ్డాక నూట అరవై ఏళ్లు దాటి! (శాస్త్రానికి తెలియలేదంటే నల్లమల చెంచులకూ తెలియదని కాదు లెండి.) ఇన్నేళ్లపాటు కాగితం మీద లేని జంతువు తగ్గుతోందా పెరుగుతోందా అంటే, పోల్చి చూడటానికి వెనకటి లెక్క ఎక్కడినుంచి వస్తుంది?

లెక్కల సంగతి కాస్త వివరంగా చూడాలి, ఎందుకంటే రక్షణ మీద వాదనలన్నీ చివరికి అక్కడికే వస్తాయి. దేశంలో 2006 నుంచి నాలుగేళ్లకోసారి కెమెరా ట్రాపులతో పులుల గణన జరుగుతోంది. అడవి బాటకు అటొకటి ఇటొకటి, సుమారు మోకాలెత్తున కెమెరాలు కడతారు. జంతువు నడిచిపోతుంటే రెండు పక్కలా ఫోటో పడాలి, ఎందుకంటే ఎడమ పక్క చారలు కుడి పక్క చారల్లా ఉండవు. ఏ రెండు పులుల చారలూ ఒకటి కావు గనక, తీసిన ఫోటోల్లో ఏ పులి ఎన్నిసార్లు మళ్లీ పడిందో చూసి, అసలు పడనివి ఎన్ని ఉండొచ్చో గణితంతో అంచనా కడతారు. చిరుతకీ ఇదే పద్ధతి, చారల బదులు మచ్చలు. ఆంధ్రప్రదేశ్‌లో 2018లో 48 పులులు, 2022లో 63 అనీ, చిరుతలు 492 నుంచి 569కి పెరిగాయనీ చెప్పగలుగుతున్నది ఇలాగే. దేశంలోని పులుల అభయారణ్యాల్లో చిరుతలు అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నది నాగార్జునసాగర్–శ్రీశైలంలోనేనని ఆ చిరుతల లెక్కల నివేదికే చెప్పింది.

అడవిపిల్లి దగ్గర ఈ పద్ధతి బోర్లాపడుతుంది. ఒంటి మీద గుర్తులే లేని జంతువు నాలుగు ఫోటోల్లో పడితే అవి నాలుగు పిల్లులా, ఒక్కటే నాలుగుసార్లు తిరిగిందా చెప్పలేం. తుప్పు మచ్చల పిల్లికి మచ్చలున్నా ఒడ్డూ పొడుగూ లేదు. పులి కోసం కట్టిన కెమెరా కిందుగా జారిపోతుంది, లేదా చెట్టెక్కుతుంది. వీటన్నిటికీ మించి, కెమెరాలు ఉండేది అభయారణ్యంలో; అడవిపిల్లి ఎక్కువగా తిరిగేది చేల గట్లు, వంకలు, తుమ్మ చెట్ల మిట్టలు. పులి లెక్క కోసం పెట్టిన ఖర్చులో పిల్లికి దక్కేది అనుకోకుండా పడిన నాలుగు ఫోటోలు.

ఏ జంతువు ఎంత ముప్పులో ఉందన్న తీర్పు అంతర్జాతీయంగా చెప్పేది ఐయూసీఎన్ (ప్రకృతి పరిరక్షణ కోసం పనిచేసే అంతర్జాతీయ సంఘం) ఎర్ర జాబితా. దాని కొలబద్దలు స్పష్టంగా ఉంటాయి. పదేళ్లలో, లేదా మూడు తరాల్లో (రెంటిలో ఏది పొడవైతే అది) సంఖ్య 30 శాతం తగ్గితే ఒక మెట్టు, 50 శాతమైతే ఇంకో మెట్టు, 80 శాతమైతే అంతరించే అంచు. ఎదిగిన జంతువులు 10 వేలకన్నా తక్కువుండి ఇంకా తగ్గుతుంటే ఒక మెట్టు, 2,500 కన్నా తక్కువైతే మరో మెట్టు, 250 కన్నా తక్కువైతే చివరిది. వీటి ప్రకారం అడవిపిల్లి ఏ ఆందోళనా లేని వర్గంలో ఉంది. తుప్పు మచ్చల పిల్లిని 2016లో ముప్పున్న వర్గం నుంచి ఒక మెట్టు దించి ‘ముప్పుకు దగ్గర’లో పెట్టారు. చిరుతను అదే ఏడాది ఒక మెట్టు ఎక్కించి ముప్పున్న వర్గంలో చేర్చారు.

ఈ జాబితాను యథాతథంగా చట్టంలోకి దింపుకుంటే సరిపోదా అంటే, సరిపోదు. కారకాల్ అనే పిల్లిని చూడండి. ఆఫ్రికాలో బాగానే ఉంది గనక ప్రపంచ జాబితాలో దాని మీద ఆందోళన లేదు. మన దేశంలో అది కచ్‌లో, రాజస్థాన్‌లో కొద్ది చోట్ల తప్ప కనబడటం లేదు. 2021లో జాతీయ వన్యప్రాణి మండలి స్థాయీ సంఘం దాన్ని అంతరించే ప్రమాదమున్న జాతుల పునరుద్ధరణ కార్యక్రమంలో చేర్చాల్సి వచ్చింది. ప్రపంచానికి చాలినంత ఉండటం వేరు, మన దగ్గర మిగలటం వేరు. కడప వాళ్లకు ఈ జాబితా ఊగిసలాట ఎర్రచందనంతో ముందే అనుభవం. 2018లో దాని ముప్పు తగ్గిందని మెట్టు దించారు, మూడు నాలుగేళ్లకే మళ్లీ పైకెక్కించారు. లంకమల, పాలకొండల్లో గొడ్డళ్లు ఆ మధ్యలో ఆగిందెప్పుడు?

మరి మన చట్టం దేన్ని చూసి నిర్ణయిస్తుంది? 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 61వ సెక్షన్ తెరిస్తే ఆశ్చర్యం వేస్తుంది. అలా చేయడం సబబని కేంద్ర ప్రభుత్వం భావిస్తే నోటిఫికేషన్ ద్వారా ఏ జంతువునైనా షెడ్యూల్‌లో చేర్చవచ్చు, తీసేయవచ్చు, ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చవచ్చు. సంఖ్య ఇంతకు పడిపోవాలనో, ఫలానా అధ్యయనం జరగాలనో ఆ సెక్షన్లో లేదు. అధికారానికి సౌలభ్యమే. కానీ ఎందుకు చేర్చారో, ఎందుకు తీశారో కారణం రాసి పెట్టాల్సిన పని లేకపోవడం వల్ల యాభై ఏళ్ల తర్వాత కూడా ఫలానా పిల్లి ఫలానా షెడ్యూల్‌లో ఎందుకుందని అడిగితే సూటిగా జవాబు దొరకదు. 2022లో ఆరు షెడ్యూళ్లను నాలుగుకు కుదించినప్పుడు, రావలసిన జాతులు కొన్ని జాబితాల్లోకి రాలేదని పార్లమెంటరీ స్థాయీ సంఘమే ఎత్తిచూపింది.

అంతరించే జాతుల కోసం అమెరికా 1973లో చేసిన చట్టం ఇందుకు పూర్తిగా వేరు. అక్కడ ఎవరైనా అర్జీ పెట్టవచ్చు. దాన్ని చూసేందుకు గడువులుంటాయి. అడగాల్సిన ప్రశ్నలు ఐదని చట్టంలోనే రాశారు: నివాసం పోతోందా, వాణిజ్యం కోసమో మరోదాని కోసమో మితిమీరి చంపుతున్నారా, రోగమో వేటజంతువో ఉందా, ఇప్పుడున్న నియమాలు చాలటం లేదా, ఇంకేదైనా కారణముందా. ఐదింటిలో ఏ ఒక్కటి ప్రమాదస్థాయికి చేరినా చాలు. జాబితాలో చేర్చేటప్పుడు ఖర్చెంతవుతుందన్నది చూడకూడదు, శాస్త్ర సమాచారమే చూడాలి. 2000లో కెనడా లింక్స్ అనే పిల్లిని ఆ జాబితాలో చేర్చారు. చేర్చడానికి ప్రధాన కారణం బోనులూ తుపాకులూ కాదు; ప్రభుత్వ అడవుల నిర్వహణ ప్రణాళికల్లో ఆ పిల్లి కోసం ఏం చేయాలో రాసి లేకపోవడం. నాలుగో ప్రశ్న.

మన సీమకు పనికొచ్చేది సరిగ్గా ఆ నాలుగో ప్రశ్నే. జంతువు ఎంత అరుదన్న దగ్గరే మనం ఆగిపోతాం. దాన్ని చంపుతున్నదేమిటి, ఆ చంపేదాన్ని మన చట్టంలోని ఏ సెక్షనైనా ఆపగలదా అని అడగం.

షెడ్యూల్ అనేది ఆచరణలో ఏం చేస్తుందో చూస్తే ఇది తెలుస్తుంది. మొదటి షెడ్యూల్ జంతువు మనిషి ప్రాణానికి ముప్పు తెచ్చినప్పుడో, కోలుకోలేని గాయమో రోగమో ఉన్నప్పుడో తప్ప చంపడానికి అనుమతి ఇవ్వరు. అప్పుడు కూడా పట్టటం, మత్తిచ్చి తరలించటం కుదరదని ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు రాతపూర్వకంగా తేల్చాలి. రెండో షెడ్యూల్ జంతువైతే ఆస్తికి, చేలో నిలిచిన పంటకు ముప్పన్నా అనుమతికి దారుంది. మొదటి షెడ్యూల్ నేరానికి 3 నుంచి 7 ఏళ్ల జైలు, 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా. చాలాకాలం తుప్పు మచ్చల పిల్లి మొదటి షెడ్యూల్‌లో, అడవిపిల్లి రెండో షెడ్యూల్ రెండో భాగంలో ఉండేవి. చాలామంది గమనించని విషయమేమంటే, ఆ రెండో భాగంలోని వాటికి కూడా 2022 సవరణ దాకా శిక్ష మొదటి షెడ్యూల్‌తో సమానమే. అంటే అడవిపిల్లిని చంపితే పడే శిక్ష ఎప్పుడూ చిన్నది కాదు. దాని కష్టం శిక్ష తక్కువై వచ్చింది కాదు.

ఆ కష్టం ఎక్కడిదో చూడాలంటే కర్నూలు నుంచి డోన్, గుత్తి మీదుగా పెనుకొండ దాకా 44వ నంబరు జాతీయ రహదారి మీద తెల్లవారుజామున పోతే చాలు. ఊరకుక్కలు సరేసరి. అడవిపందుల కోసం చేను చుట్టూ లాగిన కరెంటు తీగకు పంది అని, పిల్లి అని తేడా లేదు, దాన్ని లాగినవాడికి పిల్లి మీద పగా లేదు. నిజానికి రైతుకు ఇది పనికొచ్చే జంతువు. రాజస్థాన్‌లోని సరిస్కాలో చేసిన అధ్యయనం ప్రకారం ఒక్కో అడవిపిల్లి రోజుకు మూడు నుంచి ఐదు ఎలుకల దాకా తింటుంది. బుడ్డల (వేరుశనగ) చేలో ఎలుక బొరియలు తవ్వి చూసినవాళ్లకు, ఒక్కో బొరియలో ఎన్ని కాయలు దాగుంటాయో తెలిసినవాళ్లకు, ఆ లెక్క విలువ వేరే చెప్పక్కర్లేదు.

చిరుత కథ దీనికి తలకిందులు. కళ్యాణదుర్గం, రాయదుర్గం గుట్టల కింది ఊళ్లలో మేకల దొడ్డి మీద చిరుత పడ్డ రోజున, 569 ఉంటే ఇంకా రక్షణ ఎందుకన్న మాట వస్తుంది. మేకలు పోయినవాడి నోట ఆ మాట రావడంలో తప్పు లేదు. పరిహారం కోసం ఎన్నిసార్లు తిరగాలో అతనికి తెలుసు. అయినా తర్కం నిలవదు. సంఖ్య పెరిగిందంటే కాపలా పనిచేసిందని అర్థం, కాపలా అక్కర్లేదని కాదు. చిరుత చర్మానికీ గోళ్లకూ కొనేవాడు ఇంకా ఉన్నాడు. అమ్మకమే ప్రాణాంతకమైన జంతువుకు అమ్మకాన్ని నేరం చేసే షెడ్యూల్ సరైన మందు. వేటకు కాక పరోక్షంగా పోతున్న జంతువుకు అదే మందు సగమే పడుతుంది.

సగం మందు ఎంతవరకు పనిచేస్తుందో చూపించేది రోళ్లపాడు. బట్టమేక పిట్ట మొదటి షెడ్యూల్‌లో ఉంది. దాని కోసమే 1988లో కర్నూలు జిల్లాలో అభయారణ్యం ప్రకటించారు. పేరుంది, హద్దుంది, కాపలా ఉంది. కానీ ఆ పిట్ట మేసేది, గుడ్లు పెట్టేది హద్దు బయట మెట్ట చేలల్లో కూడా. నీళ్లొచ్చి చుట్టుపక్కల పంటల తీరు మారింది, గడ్డి నేలలు చేలయ్యాయి. అదే చోట కృష్ణజింకలు పెరిగి పంటల మీద పడితే అభయారణ్యం అంటేనే రైతులకు విసుగు పుట్టింది. వేటగాడి నుంచి కాపాడటం వచ్చిన చట్టానికి నాగలి నుంచి కాపాడటం రాలేదు.

చిన్న పిల్లుల విషయంలో నాగలి కన్నా పెద్దది వచ్చింది. ఓర్వకల్లు, గడివేముల మండలాల్లో గని, శకునాల దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పూర్తయింది. దాని విస్తీర్ణం 5,932 ఎకరాలు. అనంతపురం వైపూ ఇలాంటివి వచ్చాయి, వస్తున్నాయి. సోలార్ కరెంటు వద్దనే వాదన కాదిది. సోలార్ ఫలకాల ప్రాజెక్టులు 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ పరిధిలోకి రావు. కాబట్టి ఆ నేలలో మొదటి షెడ్యూల్ జంతువు ఉందా అని ముందే చూసి తీరాల్సిన దశ ఆ నోటిఫికేషన్ కింద లేదు. చట్టంలో పిల్లికి ఎంత పెద్ద పీట వేసినా, దాన్ని సంప్రదించకుండానే దాని కింద నేల మారిపోవచ్చు. ముళ్లపొదల మిట్టలనూ గడ్డి నేలలనూ ‘వేస్ట్‌ల్యాండ్’ లెక్కలో రాసుకునే అలవాటు మనకు ఉండనే ఉంది.

ఎదురు ఉదాహరణ కూడా ఈ జిల్లాల్లోనే ఉంది. అంతరించిందనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్లీ కనిపించింది. తర్వాత తెలుగుగంగ కాలువ ఆ ముళ్లపొదల మీదుగా పోబోతే అభ్యంతరాలు లేచి చివరికి కాలువ దారి మార్చారు. అక్కడ పిట్ట పేరుతో పాటు అది తిరిగే పొదల పటమూ ఉంది. ఇంజినీరుకు చూపించడానికి ఒక గీత ఉంది. పటం లేని పేరుకు కాలువను పక్కకు జరిపే బలం రాదు.

2003లో అమల్లోకి వచ్చిన సవరణ ఇందుకొక సాధనం ఇచ్చింది. ప్రభుత్వ భూముల్ని, ముఖ్యంగా అభయారణ్యాలకు ఆనుకొని, లేదా వాటిని కలుపుతూ ఉన్నవాటిని, చుట్టుపక్కల జనాన్ని సంప్రదించి ‘సంరక్షణ రిజర్వు’గా ప్రకటించవచ్చు. మేత, దారి హక్కుల్ని అభయారణ్యమంత బిగించకుండానే భూమి తీరును కాపాడే ఏర్పాటిది. నల్లమల నుంచి లంకమల, పాలకొండల మీదుగా శేషాచలం దాకా ఉన్న నడవాకు ఇది సరిపోతుంది. పత్తికొండ, కళ్యాణదుర్గం మిట్టలకు మాత్రం అంత తేలిగ్గా సరిపోదు, దగ్గర్లో ఆనుకోవడానికి అభయారణ్యం లేదు గనక. అక్కడ ముందు కావలసింది జానెడెత్తున కట్టిన కొన్ని కెమెరాలు, రోడ్డు మీద చచ్చిన ప్రతి పిల్లికీ ఒక ఫోటో, ఆ ఫోటో కింద ‘అడవిపిల్లి’ అని కాక జాతి పేరు.

ఇక వామి దగ్గరి కూనలు. వాటిని జాలిపడి ఇంటికి తెచ్చుకుని పాలుపట్టడం కూడా చట్టం కళ్లకు వేటే, ఎందుకంటే పట్టుకోవడం అన్నది వేట నిర్వచనంలోనే ఉంది. ఉన్నచోటే వదిలేసి, కట్టె కదపడం ఒకటి రెండు రోజులు ఆపి, కుక్కల్ని కట్టేస్తే తల్లి రాత్రిపూట వచ్చి ఒక్కో కూననూ మెడ దగ్గర కరుచుకుని ఇంకో చోటికి మార్చుకుంటుంది. ఎక్కువగా పక్కనున్న తుమ్మల మిట్టకే. అడంగల్‌లో ఆ మిట్ట సర్వే నంబరుకు ఎదురుగా రాసి ఉండే మాట ‘ప్రభుత్వ బీడు’.